ఉడకని పప్పు, బతికిన చేపలు

పొద్దున్నే సున్నం పొడిలో నీళ్లు పోయగానే కొత్తగా వెల్ల వేసిన గోడ వాసన గుప్పుమంటుంది. హన్మకొండలోని మా ఇంట్లో చిన్న ఉప్పునీటి తొట్టిలో నాలుగు పగడాలు పెంచుతున్నాను. అవి నీళ్లలోని సున్నం తిని పెరుగుతాయి కనుక రోజూ కాస్త సున్నపు తేట పోసి, నీళ్ల క్షారత నిన్నటిలాగే ఉందో లేదో చుక్కల మందుతో చూసుకుంటాను. ఈ విద్య నేను ఇంటర్నెట్‌లో నేర్చుకున్నానని మా ఆయన నమ్మకం. నేర్పింది మా నాయనమ్మ, వరంగల్ మట్టెవాడలో, ఎనభైల మొదట్లో.

ఆ మట్టెవాడ ఇంటి ముందు భాగంలోనే మా బాపు గిన్నెల దుకాణం. చింతపండుతో తోమిన ఇత్తడి బిందెల మధ్య, గిరాకీలను ఆకర్షించడానికని హైదరాబాద్ నుంచి ఒక గాజుతొట్టి, రెండు ఎర్రచేపలు తెచ్చి పెట్టాడు. ఉల్లిగడ్డ కూడా తినని నాయనమ్మ వక్క కొరుకుతూ కొరుకుతూ ఆగిపోయింది.

"మనింట్ల శాపలేందిరా? నలుగురు జూస్తె ఏమనుకుంటరు?"

నలుగురి సంగతి ఎలా ఉన్నా, నెల తిరిగేసరికి ఆ చేపలు ఆమెను చూసి నోళ్లు తెరవడం, ఆమె వాటికి మరమరాలు నలిపి వేయడం మొదలయ్యాయి. మా బావినీళ్లు సున్నపు నీళ్లు. వాటిలో కందిపప్పు పొద్దంతా ఉడికినా ఉడకదు, చేపలు మాత్రం హాయిగా ఉండేవి. మామిడికాయలు కోతకొచ్చి, వాకిట్లో వడియాలు ఎండే రోజుల్లో బావి అడుగంటింది. బాపు తొట్టిలో నీళ్లన్నీ ఒంపేసి మున్సిపాలిటీ నల్లా నీళ్లు నింపాడు. సాయంత్రానికల్లా చేపలు పక్కకు ఒరిగిపోయాయి.

"ఒకనాడు అత్తగారిల్లు, ఒకనాడు తల్లిగారిల్లు అంటే అవి మాత్రం ఎట్ల బతుకుతయిరా?" అని నాయనమ్మ కొడుకును కసిరి, అడుగున మిగిలిన బావినీళ్లు తోడి పోసింది. చేపలు తేరుకున్నాయి. మర్నాటి నుంచి నల్లా నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ, తన తమలపాకుల సున్నం నానబెట్టి పైతేట గరిటెడు పోసేది. తేట సరిపోయిందా లేదా తెలిసేదెలా? తొట్టిలోంచి చెంబెడు నీళ్లు ముంచి, గుప్పెడు కందిపప్పు వేసి, పెరటి పొయ్యి మీద పెట్టేది. పప్పు ఉడికితే ముఖం మాడ్చుకునేది. ఉడకకపోతే, "గట్టిగున్నది బిడ్డా, ఫికర్ లేదు" అని నాతో చెప్పి మురిసిపోయేది. వరంగల్ మొత్తంలో పప్పు ఉడకలేదని సంబరపడిన ఆడమనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఆ ఎండల్లోనే కేసముద్రం నుంచి మా పెదబాపు దిగాడు. బాపుకు అన్న, పత్తి వ్యాపారి, మహా నిష్ఠాపరుడు. చేపల కబురు చేరి, తొట్టి తీయించడానికే వచ్చాడు. "బువ్వ తిన్నంక బయట పెట్టిస్త" అని చెప్పి మరీ పీట మీద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అనుకోని చుట్టం కదా, పప్పు చాలదని అమ్మ, హడావిడిలో పెరటి పొయ్యి మీద కనబడిన పప్పును కూడా నీళ్లతో సహా గిన్నెలో కలిపి పోపు పెట్టేసింది.

మొదటి ముద్దకే పెదబాపు పళ్లు పటుక్కుమన్నాయి.

"ఏందమ్మా గీ పప్పు, కంకరున్నట్టున్నది! ఏ నీళ్లల్ల వండిన్రు?"

ఖాళీ అయిన పొయ్యి వైపు చూసి నాయనమ్మ నోట్లో ఆకు నమలడం మానేసింది. చేపల నీళ్లని తెలిస్తే తొట్టి ఆ క్షణమే వీధిలో ఉంటుంది. జన్మలో అబద్ధమాడని మనిషి, కళ్లు కూడా ఆర్పకుండా, "నల్లా వస్తలేదు, బావి అడుగుకు వోయింది బిడ్డా. ఆ సున్నపు నీళ్లల్ల ఏం ఉడుకుతది? గివే తింటానం" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

పెదబాపు మనసు కరిగిపోయింది. తల్లి ముసలితనంలో కంకర నములుతోందని కుమిలి, విస్తరాకు మడిచి లేచాడు. అదే అదనుగా నాయనమ్మ, "ఆ శాపలు జూసుకుంట ఉంటే జర మనసు నిమ్మళమైతది" అంది. ఆయన తొట్టి మాటే ఎత్తకుండా బండెక్కాడు. వారం తిరక్కుండా తొందరగా ఉడికే కందిపప్పు బస్తా పంపాడు. నాయనమ్మ అబద్ధానికి ప్రాయశ్చిత్తంగా రెండు రోజులు ఒక్కపొద్దు ఉండి, మూడోనాడు ఆ బస్తాలోంచే గుప్పెడు పప్పు తీసి చేపల నీళ్లలో వేసింది.

ఇప్పుడు బావి పూడ్చేశారు. కుక్కర్ నాలుగు కూతలు కూస్తే ఎలాంటి నీళ్లలోనైనా పప్పు మెత్తబడుతుంది. నా తొట్టిలో నీళ్లు ఈ పూట కూడా నిన్నటిలాగే ఉన్నాయి, చుక్కల మందు చెప్పింది. గట్టిగున్నది, ఫికర్ లేదు అని చెబుదామని వెనక్కి తిరుగుతాను. ఆ మాటకు మురిసిపోయే మనిషి లేదు.