గ్రేసమ్మ తినగలిగిన కంకి

సత్యవేడు దాటి తమిళనాడు వైపు వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది స్టెల్లా ఇల్లు. ఆమె బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే మళ్లీ సాయంత్రమే రావడం. ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, ఆమె అత్త గ్రేసమ్మ.

పెళ్లయిన మూడో ఏట స్టెల్లా భర్త లారీ ప్రమాదంలో పోయాడు. బిడ్డలు లేరు కదా, వచ్చేయమని పుట్టింటివాళ్లు బండి తీసుకుని వచ్చారు. గ్రేసమ్మ అడ్డం పడలేదు.

"పోవాలంటే పో మే. ఉండాలంటే ఇది నీ ఇల్లే," అని లోపలికి వెళ్లి ఇద్దరికి సరిపడా బియ్యం కడిగింది.

స్టెల్లా ఉండిపోయింది.

ఆ ఇంటి పెరట్లో ఏటా ఒక మడి నిండా తెల్ల మొక్కజొన్న ఉంటుంది. పడుచుతనంలో గ్రేసమ్మ తిరువళ్లూరు పక్క ఒక మిషన్ తోటకు కూలికి పోయేది. అక్కడి నుంచి కొంగున కట్టుకొచ్చిన నాటు విత్తనం అది. మంచి కంకులు ఎండబెట్టడం, మళ్లీ విత్తడం, అలాగే నిలుపుకుంటూ వచ్చింది. గిచ్చితే పాలు కారే అదనులో కోస్తే చక్కెర వేసినంత తియ్యగా ఉంటాయి ఆ కంకులు.

కొన్నేళ్లకు గ్రేసమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. అన్నం ముద్ద పెడితే బుగ్గనే ఉండిపోయేది. మనిషి రోజురోజుకూ చిక్కిపోతుంటే స్టెల్లాకు దిక్కు తోచలేదు. ఒక ఆదివారం లేత కంకుల గింజలు తురిమి, మెత్తగా ఉడికించి, చెంచాతో పెట్టి చూసింది. గ్రేసమ్మ గిన్నె ఖాళీ చేసింది. అప్పటి నుంచి స్టెల్లా ఆ మడిని ఇంకొంచెం పెద్దది చేసింది. పగటిపూట పక్కింటి మునెమ్మ వచ్చి ముసలామెను కనిపెట్టుకునేది.

ఆ మరుసటి ఏడు పెరటి వెనక చేను అదే ఊరి రైతు వెంకటముని గుత్తకు తీసుకున్నాడు. కోళ్ల మేతకని సంకరజాతి మొక్కజొన్న వేశాడు. రెండు పైర్లూ ఒకేసారి పూతకొచ్చాయి. స్టెల్లా కంకి ఒలిచి చూస్తే తెల్లగింజల మధ్య అంతటా పసుప్పచ్చ గింజలు. ఉడికించి పెడితే గ్రేసమ్మ ఒక్క చెంచాతోనే మొహం తిప్పుకుంది.

"ఇది మనది కాదు మే," అంది ముద్దమాటలతో.

స్టెల్లా నేరుగా చేనికి వెళ్లింది.

"అన్నా, నీ పూత పుప్పొడి వచ్చి నా పైరంతా పాడైపోయినాది."

"నేనేమి సేసేదిమా? గాలిని పట్టి ఆపేదానికి అవుతాదా?" అన్నాడు వెంకటముని.

అతని మాటలో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు.

మడి మొత్తం పీకేద్దామనుకుంది గానీ, గ్రేసమ్మ వద్దంది. కంకులు చెట్టు మీదే ఎండనిచ్చి, తెచ్చి తన ముందు పోయమంది. పసుపు గింజలు ఎండినాక నున్నగా, గట్టిగా ఉన్నాయి. తెల్లవి మాత్రం ముడతలు పడి ముడుచుకుపోయాయి. గ్రేసమ్మ ఎడమచేత్తో ఆ ముడతల గింజల్నే ఏరింది.

"ఇయ్యే మనవి. తీపి గింజ ఎండితే ముడుచుకుంటాది. ఇంగ వేరేవి కలపాకు," అంది.

వానలు తగ్గినాక స్టెల్లా మనసు గట్టి చేసుకుని మళ్లీ వెంకటముని దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఈ తూరి ఎప్పుడు ఏస్తావు?"

"ఏమి, మళ్లీ తగువుకొచ్చినావా?"

"కాదు. నీది పూత ఎండినాక నాది పూయల్ల. అందుకని అడిగినా."

వెంకటముని వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. "సంక్రాంతి అయ్యి తై నెల పుట్టినాక ఏస్తా. నువ్వు నెల దాటినాక ఏసుకోవల్ల. ఆ ఎండల్లో నీళ్లు యాడ తెస్తావు?"

"చేతిపంపు ఉండాది గదా," అని వచ్చేసింది.

చెప్పినట్టే ఆలస్యంగా విత్తింది. పుప్పొడి ఒకదాన్నుంచి ఒకదానికి అందేట్టు, ఒకటే వరసలో కాకుండా దగ్గర దగ్గరగా గుంపుగా వేసింది. డ్యూటీ నుంచి వచ్చి బిందెలతో నీళ్లు మోసేది. మోకాటి ఎత్తు పెరిగేసరికి ఎండలు ముదిరి, పంపులో నీళ్లు సన్నబడ్డాయి. ఆకులు చుట్టుకుపోయాయి. పంపు కొట్టీ కొట్టీ ఒక రోజు అరుగు మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి మడి తడిసి ఉంది. కంచె మీదుగా ఒక పైపు పెరట్లోకి దిగింది. వెంకటముని అవతల నిలబడి ఉన్నాడు.

"ఆయమ్మ కోసరమని మునెమ్మ సెప్పింది," అన్నాడు. "మా యమ్మ కూడా కడాన అన్నం ముట్టలేదుమా. ఏమి పెట్టల్లో మాకు తెలీలేదు. బోరు ఏసినప్పుడల్లా నీళ్లు వదుల్తాలే."

స్టెల్లా పైపు సరిచేసి ఇంకో సాలుకు మళ్లించింది.

ఆమె పైరు పీచు వేసేనాటికి అతని చేను ఎండి కోతకొచ్చింది. పొద్దున బస్సుకు ముందు స్టెల్లా పూతను మెల్లగా ఊపి పుప్పొడి పీచు మీద రాలేట్టు చేసేది. కంకులు నిండాయి. మొదటిది కోసి అక్కడే ఒలిచి చూసింది. ఒక్క పసుపు గింజ కూడా లేదు.

ఉడికించి, స్టెల్లా గ్రేసమ్మ నోట్లో చెంచా పెట్టింది. ముసలామె నాలుకతో తిప్పి తిప్పి చూసి మింగింది.

"ఇంగొంచెం పెట్టు," అంది.

ఆ సాయంత్రం వెంకటముని ఇంటికి ఒక గంపెడు కంకులు వెళ్లాయి.

ఇప్పుడు ఎవరు ముందు విత్తాలో ఇద్దరూ కలిసి అనుకుని విత్తుతారు. గ్రేసమ్మ కాస్త కోలుకుంది. సాయంత్రాలు మడి పక్కన కుర్చీలో కూర్చుని కంకుల మీద వాలే చిలకల్ని తిడుతుంది. మాట ఇంకా ముద్దగానే వస్తుంది గానీ, ఆ తిట్లు మాత్రం ఒక్కటీ తప్పిపోకుండా తెలుస్తాయని మునెమ్మ అంటుంది.