రాజవ్వ నిలబడిన చోటు

ఖాళీ రేకు డబ్బా ఎంత బరువుంటుంది? చిటికెన వేలితో ఎత్తొచ్చు. అలాంటి డబ్బా ఒకటి ఎత్తి వేరేచోట పెట్టాను. ఆ పనిని మాత్రం ఇన్నేళ్లుగా దించుకోలేకపోయాను. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు రాత్రుళ్లు ఎన్ని కథలు చెప్పానో, ఇది మాత్రం గొంతు దాటలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైల మొదటి రోజులవి. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మేడమీద ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. బియ్యం, పప్పు, చక్కెర, ఏది కొనబోయినా ధర చూసి వెనక్కి రావడమే. ఎక్కడో దూరదేశాల్లో నూనె ధర పెంచారని ఆయన పేపరు చదివి చెబితే, వాళ్లెవరో పెంచితే మా స్టవ్వు ఎందుకు ఆరాలని అడిగేదాన్ని. ఆయన నవ్వేవాడు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు. తిండికే చాలని రోజుల్లో కొత్త బట్టలెవరు కొంటారు? దుకాణంలో ఉన్న ఇద్దరిలో ఒకరిని తీసేయక తప్పదని సేటు అనేశాడట.

కిరోసిన్‌ను మేం గ్యాసునూనె అనేవాళ్లం. రేషన్ సరుకులిచ్చే కంట్రోలు దుకాణానికి అది వస్తుందని తెలిస్తే చాలు, తెల్లారకముందే వరస కట్టేవాళ్లం. మనుషులం కాదు, మా డబ్బాలు. ఇంటి పనులు, బళ్లలో పనులు ఉన్నవాళ్లం దుకాణం తెరిచేదాకా ఎలా నిలబడతాం? డబ్బా పెట్టి వెళ్లిపోయేవాళ్లం. అందరికన్నా ముందొచ్చి తన డబ్బా పెట్టుకుని, కాపలా ఉండేది రాజవ్వ.

రాజవ్వది పాలమూరు వైపు పల్లె. వానలు లేక పొలం బీడుపడితే పట్నం వచ్చింది. సాయంత్రాలు స్టేషన్ బయట స్టవ్వు పెట్టుకుని మిర్చీలు వేసి అమ్మేది. ఆమెకు కాపలా పని ఎవరూ అప్పజెప్పలేదు. ఆమె ఉంటే తగాదా ఉండదని అందరికీ తెలుసు, అంతే. దుకాణందారు తనవాళ్ల డబ్బా మధ్యలో దూర్చబోతే, "అన్నా, గా డబ్బాకు గూడ సిగ్గుంటది, దాని జాగల దాన్ని ఉండనియ్యి" అని నవ్వుతూనే తీసి చివర పెట్టేది. నిండు గర్భిణి వస్తే మాత్రం అందరినీ అడిగి ముందుకు పంపేది. అడగకుండా ఎప్పుడూ పంపలేదు. అటువంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజు నేను ఆలస్యంగా వెళ్లాను. నా డబ్బా దాదాపు చివర పడింది. పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టిన డబ్బా.

"ఏందే చెల్లె, మొకం గట్ల వాడింది?" అంది రాజవ్వ.

"రాత్రికి సేటు మా ఇంట్ల తింటనన్నడక్కా. భక్షాలు చేద్దమంటే స్టవ్వుల చుక్క నూనె లేదు. ఇంటామె కట్టెలపొయ్యి పెట్టనియ్యదు. మా ఆయన నౌకరీ ఉంటదో ఊడ్తదో."

"ఫికర్ జెయ్యకు. సేటుకు పండ్లున్నయా? లేకుంటే భక్షాలు జర మెత్తగ చెయ్యి." నన్ను నవ్వించింది. తర్వాత కొంగు దులుపుకుని, "జర లైను చూస్తుండు, నీళ్ల నల్లా కాడికి పోయొస్త" అంది.

నన్ను నమ్మి పోయింది. నన్నే. గల్లీలో ఎవరూ లేరు. ముందువైపు, కరెంటు స్తంభం పక్కన నర్సమ్మ డబ్బా ఉంది. నర్సమ్మ బళ్లో ఆయా. నేనేం ఆలోచించాను? ఏమీ ఆలోచించలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అన్నీ ఆలోచించాను, నర్సమ్మ ఇంట్లో పసివాడున్నాడని కూడా. నా డబ్బా అక్కడ పెట్టి, ఆమె డబ్బా తెచ్చి నా చోట పెట్టాను.

దుకాణం తెరిచే వేళకు అందరం చేరాం. నర్సమ్మ ఒక్కసారిగా అరిచింది.

"స్తంభం పక్కన పెట్టిన నా డబ్బా గాడికెట్ల పోయింది? కాళ్లొచ్చినయా దానికి? గీ ఎర్రపీలిక డబ్బా ఎవరిది?"

"నాది. పొద్దుగాల్నించి గీడనే ఉన్నది," అన్నాను.

రాజవ్వ నావైపు చూసింది. ఎంతసేపో కాదు. ఆమె ఒక్క మాట అంటే చాలు, ‘లైను దీనికి అప్పజెప్పి పోయిన’ అంటే చాలు. ఆమె నర్సమ్మ వైపు తిరిగింది.

"డబ్బాలు సర్దుతుంటే నా చేతుల్నే మారినట్టున్నయి. తప్పు నాది నర్సమ్మా. వచ్చి నా జాగల నిలబడు."

"ఎంత ముట్టిందే రాజవ్వా? మిర్చీలతోని కడుపు నిండుతలేదా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. రాజవ్వ తన డబ్బా తీసుకుని వెనక్కి వెళ్లింది. నర్సమ్మ డబ్బా ఉన్న చోట, అంటే నా చోట, నిలబడింది. ఆమెదాకా రాకముందే దుకాణందారు పీపాను వంచి చూపించాడు. "ఖతం. పైనుంచే తక్కువ పంపిన్రు."

నా డబ్బా నిండింది. సేటు కడుపునిండా తిన్నాడు. మా ఆయన నౌకరీ నిలిచింది, రెండో ఆయనది పోయింది. ఆయన పిల్లల గురించి ఆలోచన రావడానికి కూడా నాకు చాలా కాలం పట్టింది.

మర్నాడు సాయంత్రం స్టేషన్ బయట రాజవ్వ చల్లటి స్టవ్వు ముందు కూర్చుని ఉంది. తప్పుకుని పోదామనుకున్నాను. పిలిచింది.

"చెల్లె, సేటు తిన్నడా?"

"తిన్నడక్కా."

"నౌకరీ?"

"ఉన్నది."

"ఔ, మంచిగైంది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎన్ని వందలసార్లు వెతికానో. లేదు. ఉంటే బాగుండేది. అక్కడే కూర్చుని చెప్పేసి ఉండాల్సింది. స్టవ్వులో సగం నూనె ఇంకా ఉంది, తెచ్చి పోసి ఉండాల్సింది. రెండూ చేయలేదు.

ఆ తర్వాత గల్లీలో ఎవరూ డబ్బా పెట్టి వెళ్లలేదు. రాజవ్వను కాపలా ఉండమని ఎవరూ అడగలేదు. పసిపిల్లల్ని చంకనేసుకుని, పని మానుకుని, ఎవరి చోట్లో వాళ్లే ఎండలో నిలబడ్డారు. సర్కారు తగ్గించింది నూనె ఒక్కటే. మిగిలింది నేను తగ్గించాను.

కొన్నాళ్లకు రాజవ్వ ఎటో వెళ్లిపోయింది. ఊరికి పోయిందన్నారు కొందరు. నేను వెతకలేదు. అది కూడా చెప్పాలి కదా, వెతకలేదు.

డబ్బాలు మార్చింది నేను. రాజవ్వ కాదు. ఆ గల్లీవాళ్లలో ఎవరైనా ఇంకా ఉండి ఇది చదివితే, ఆమె చేతుల్లో ఏదీ మారలేదని తెలుసుకోవాలి. ఆమె నిలబడిన ఆ చివరి చోటు నాది.