మూడో దూలం కింద తపేలా

జమ్మలమడుగులో మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మా అన్న నాకు ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు.

"మిద్దె కారే సంగతి మాత్రం ఎవురికీ చెప్పాకు. నీ నోరు నాకు తెలుసులే."

నా నోరు అతనికి తెలిసినంత నాకే తెలియదు. సరేనన్నాను.

అది మట్టి మిద్దె. దూలాల మీద అడ్డంగా దంతె కర్రలు, వాటి మీద బండలు, ఆ పైన జానెడు మందాన చౌడు మట్టి. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పరిస్తేనే మిద్దె ఆగుతుంది. మా నాన్న బడిపంతులు. ఆ ఒక్కరోజు మాత్రం పంచె ఎగ్గట్టి, బండెడు చౌడు పైకి ఎక్కించేవాడు. అన్నా నేనూ దాని మీద తిరుగుతూ తొక్కేవాళ్ళం. ఎంత తొక్కినా నడిమింట్లో మూడో దూలం కింద ఒకచోట కారేది. నాన్న ఏటా "ఈసారి కారదు చూడు" అనేవాడు. అమ్మ ఏమీ అనకుండా అక్కడ తపేలా పెట్టేది. పాపం, ఆ పందెంలో మా నాన్న ఒక్కసారీ గెలవలేదు.

ఇద్దరూ పోయారు. అన్నది పులివెందుల, నాది ప్రొద్దుటూరు. చౌడు పోయించడానికి వంతులు వేసుకుని, ఆ వంతుల దగ్గరే పోట్లాడుకుని, చివరికి అమ్మేద్దామనుకున్నాం. నేను ఒప్పుకున్నాను గానీ, కొన్నవాళ్ళు అందులో కాపురం ఉండాలని పట్టుబట్టాను. అన్న నవ్వాడు.

"నువ్వేందిమే, ఇల్లు అమ్ముతాండావా, పిల్లనిస్తాండావా?"

"పిల్లనే అనుకో పో" అన్నాను.

వచ్చినవాళ్ళందరూ వీధివైపు అడుగులేసి కొలిచారు, ఎన్ని అంగళ్ళు పడతాయా అని. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన ఒకాయన లోపలికే రాలేదు. గడప అవతలే నిలబడి, "పడగొట్టినాక మన్ను ఎత్తిపోసేది మీరా, మేమా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఎండన పడి వచ్చిన మనిషికి అలా చేశానే అని తర్వాత రెండు రోజులు బాధపడ్డాను. ఆయన చెప్పిన ధర మాత్రం మంచిది. అన్న ఆయనకే ఇద్దామన్నాడు. ఇంకొక్కరికి చూపిద్దాం, కుదరకపోతే నీ ఇష్టం అని బతిమాలుకున్నాను.

ఆ ఒక్కరు భార్యాభర్తలు. ఆయన బట్టలకొట్టులో గుమాస్తా, ఆమె ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ఆ ఊళ్ళోనే బాడుగకుంటున్నారు. వాళ్ళు వచ్చిన కాసేపటికే, అంతవరకూ కాసిన ఎండ పోయి మబ్బేసింది.

"టేకు దూలాలమ్మా, ఇప్పుడు యాడ దొరుకుతాయి?" అని అన్న చెబుతున్నాడు. బయట చినుకుల చప్పుడు మొదలైంది. నేను అతని మాటలు వింటూనే వంటింట్లోకి వెళ్ళి, గూట్లో ఉన్న అమ్మ తపేలా తెచ్చి, మూడో దూలం కింద పెట్టి, వచ్చి నా చోట నిలబడ్డాను. ఒట్టు, ఏం చేశానో నాకు తెలియదు. చిన్నప్పటి అలవాటు.

అన్న మాట ఆగిపోయింది. అతని మొహం చూశాను, తపేలాను చూశాను. ఓరి దేవుడా! నోరు జాగ్రత్త అన్నాడు గానీ చేతుల సంగతి చెప్పలేదే!

వాన బలిసింది. దాన్ని తీయడానికి నాకు ధైర్యం చాలలేదు. నలుగురం తపేలా చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి టప్పుమని చుక్క పడింది, సరిగ్గా నడిమధ్యలో.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అయిపోయింది, ఇక ఎర్రగుంట్ల ఆయనే అనుకున్నాను.

"మా అమ్మోళ్ళింట్లోనూ ఇంతేక్కా. ఆడ రెండో దూలం" అంది. మళ్ళీ పైకి చూస్తూ, "చౌడు యాడ నుంచి తెచ్చుకుంటాండారు?" అని అడిగింది.

అన్ని రోజుల్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పడగొట్టేవాళ్ళకు చౌడుతో పనేముంది? అది తట్టేసరికి నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. జవాబు అన్నే చెప్పాడు.

"ఏటి గట్టు దాటినాక తెల్లగా పొంగిన నేల ఉంటాదిమ్మా. పైపైన గీక్కోవల్ల, లోతుకు పోగూడదు. మా నాయన..." అని ఆగి, ఆమె భర్త వైపు తిరిగాడు. "రాప్పా, పైకి పోయి చూపిస్తా." తల మీద తువ్వాలు వేసుకుని, ఆ వానలోనే ఆయన్ను మిద్దె మీదికి తీసుకెళ్ళాడు.

ఎర్రగుంట్ల ఆయన కన్నా వీళ్ళు తక్కువే చెప్పారు. అయినా అన్నే వాళ్ళకిద్దామన్నాడు.

తాళాలు ఇచ్చిన రోజు అమ్మ గుర్తుగా తపేలాను సంచిలో పెట్టుకోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అది ఈడ్నే ఉండనీ అక్కా. వానలొస్తాండాయి."

సంచిలోంచి తీసి మూడో దూలం కింద పెట్టి, బయటికి వచ్చాను.