దణ్ణంలో సందు

పొద్దున్నే నర్సు ఫోన్ చేసి, "డాక్టర్‌దీదీ వెళ్ళిపోయారు" అంది. "ఎక్కడికి?" అని కసిరాను. అర్థం కాక కాదు, ఒప్పుకోబుద్ధి కాక.

ఆవిడ కీళ్ళనీ చర్మాన్నీ పట్టే మొండి జబ్బుల డాక్టరు. బెంగాలీ మనిషి. నాది చర్మం బిగుసుకుపోయే జబ్బు. మొదటిసారి వెళ్ళి దణ్ణం పెడితే తిరిగి పెట్టలేదు సరికదా, వంగి నా అరచేతుల మధ్యకి చూశారు. "గట్టిగా కలుపు" అన్నారు. కలిస్తేగా! ఆ సందులో తన చిటికెనవేలు దూర్చి, "ఇదే నీ జబ్బు కొలత. దీన్ని పెరగనివ్వకు" అన్నారు. ఆ గదిలో ఎవరికైనా అంతే, ముందు దణ్ణం, తర్వాతే మాట. మందులు వాడాక ఓ రోజు వేలు దూరలేదు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

నేను గార్డెన్ రీచ్‌లో, బెంగాల్‌కి వలసొచ్చిన మన కార్మికుల పిల్లలకు తెలుగు చెప్తాను. నా వేళ్ళు వంకరపోయాయని ఓ తల్లి, "పెద్దరోగమేటో! మా పిల్లని పంపను" అంది. బడి పెద్దలు నన్ను మానుకోమన్నారు. ఆ పిల్లలు తప్ప నాకెవరున్నారు? డాక్టరు ముందు కూర్చుని ఏడ్చాను.

ఆదివారం తల్లిదండ్రుల సమావేశానికి ఆవిడ ఆటోలో దిగారు. ఝాల్‌ముడి, అదే కారం మరమరాల పొట్లం నా అరచేతిలో గుమ్మరించి, అందరి ఎదుటా అందులోంచే తిన్నారు. రోగుల దగ్గర నేర్చుకున్న మన భాషలోనే గదమాయించారు: "ఏటలా చూస్తారు? ఇది అంటీ జబ్బయితే ఇన్నేళ్ళు ఈ చేతులట్టుకున్న నాకే ముందు రావాల!"

సోమవారం బడికి వెళ్ళాను. ఆ తల్లికి మాత్రం పిల్లని పంపడానికి ఇంకో వారం పట్టింది.

ఆవిడ మా రక్తం, మా చర్మపు ముక్కలు తీసుకుని ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. తేలిందేదో ముందు మాకే చెప్పేవారు. "దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదటగా" అంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "ఇంకా దొరకలేదు అను!" అనేవారు.

ఆసుపత్రి ఆవరణలో ఆవిణ్ణి పడుకోబెట్టారు. రోగులమంతా వరుసలో నిలబడ్డాం. ఎవరి చేతులూ సరిగ్గా కలవలేదు. ఎవరూ దించలేదు. "పదండి, పదండి" అని ఎవరో తొందర పెట్టారు. నేను కదల్లేదు. వంగి, నా దణ్ణాన్ని ఆవిడ ముఖం దగ్గరకు తీసుకెళ్ళాను.

"చూసుకోండి దీదీ. పెరగనివ్వలేదు."