షామీర్‌పేటలో రెండేళ్ల పరీక్ష

మా పాప మేఘనకు రెండేళ్లు నిండగానే షామీర్‌పేటలోని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద అక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. కొందరిని పుట్టగానే ఇంక్యుబేటర్ అనే వెచ్చని పెట్టెలో పెట్టారు. కొందరిని మొదటిరోజు నుంచే తల్లో తండ్రో ఛాతీకి ఆనించుకుని ఉంచారు. ఏది మేలో తేల్చడానికి రెండేళ్లకు అందరినీ మళ్లీ చూస్తారు. ఆపరేషనై నా భార్య లేవలేకపోతే, చొక్కా విప్పి మేఘనను గుండెల మీద పెట్టుకున్నది నేనే.

భార్యకు సెలవు దొరకలేదు. అమ్మ, నేను, పాప ఉదయం ఎనిమిదిన్నరకు మేడ్చల్‌లో షేర్ ఆటో ఎక్కాం. నిండితే గాని కదలదు, పిల్లలున్నవాళ్లు కాస్త ముందే బయల్దేరాలి. పక్కన పూలగంపతో కూర్చున్న ముసలామె, “పాపకు బీమారా?” అని అడిగింది.

“కాదు, మంచిగ పెరిగిందా లేదా సూస్తరంట,” అంది అమ్మ.

“మంచిగున్న పిల్లను దవాఖానకు తీస్కపోవుడు ఇయ్యాల్నే సూస్తున్న,” అని నవ్వి, మేఘన చేతిలో ఒక బంతిపువ్వు పెట్టింది.

నాకు మాత్రం లోపల గుబులుగా ఉంది. ఈ వయసుకు రెండు మాటలు కలిపి మాట్లాడాలట. మేఘన ఇంకా ఒక్కో మాటే అంటోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాప మీద చెక్కదిమ్మెలు, బొమ్మల పుస్తకం పరిచింది. మేఘన వాటివైపు చూడనైనా చూడలేదు. బల్ల కిందికి దూరి కూర్చుంది. ఎంత పిలిచినా ఉలకదు, పలకదు.

“ఏం ఫికర్ లేదన్నా. బయట జర ఆడించుకోని రాండి,” అంది డాక్టరమ్మ.

వరండాలో ఇంటినుంచి తెచ్చిన ఉప్మా తింటుంటే, దుండిగల్ నుంచి వచ్చిన మరో పాప ఎర్ర బంతితో ఆడుతోంది. ఆ పాపదీ ఇదే పరీక్ష. మేఘన చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తింది. ఇద్దరూ బంతి వెంట పడ్డారు. బంతి ఆ పాప చేతికి చిక్కగానే మేఘన ఎదురుగా నిలబడి, “బాల్ ఇయ్యి,” అంది.

నేను అమ్మ వైపు చూశాను. అప్పటికే అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న డాక్టరమ్మ నవ్వింది. “నేను ఇన్ననన్నా. ఇగ లోపలికి తీస్కరాండి.”

ఈసారి మేఘన దిమ్మెలను గోపురంలా పేర్చి, తనే కూల్చి పకపకా నవ్వింది. అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయంది డాక్టరమ్మ.

బయట అమ్మ ఆ పాప నానమ్మతో మాట కలిపింది. వాళ్ల పాపను పెట్టెలో ఉంచారట. అమ్మ డాక్టరమ్మను నిలేసింది. “మాది మంచిగైందా, వాళ్లదా?”

“ఇద్దరూ మంచిగున్నరవ్వా. ఇంకా శానమందిని సూడాలె. ఏది మేలో అప్పుడు తెలుస్తది.”

నిజమే. అరుగు మీద ఒకే అరటిపండు పంచుకుని తింటున్న ఆ ఇద్దరిలో ఎవరు పెట్టెలో పెరిగారో, ఎవరు గుండెల మీద పెరిగారో చూసి ఎవరూ చెప్పలేరు.

మధ్యాహ్నం తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మేఘన నా ఒళ్లో నిలబడి కనిపించిన ప్రతి లారీకీ చెయ్యి ఊపుతోంది.

“గా దుండిగలోళ్లను బోనాలకు రమ్మన్న,” అంది అమ్మ.

పరీక్షకని పోయినవాళ్లం, చుట్టరికం కలుపుకుని ఇంటికి వస్తున్నాం.