నత్తగుహ తలుపు తెరుచుకున్న రోజు

రోజూ పొద్దున్నే ఇంట్లోని బుద్ధుడి ముందు వేడి అన్నం పెట్టి, గంట మోగించి దండం పెట్టుకున్నాకే, కురమోచి గారు దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి టేప్‌రికార్డరు శుభ్రం చేసుకునేవారు. ఆయన చిన్ననాటి కంప్యూటర్లకు ఆటలు క్యాసెట్ల మీద వచ్చేవి. వాటి కీచురొదను ఇప్పటి కంప్యూటరులోకి ఎక్కించి, పాత యంత్రంలా నటించే ప్రోగ్రాములో ఆడుకోవడం ఆయన వ్యాపకం. ఆ వారం ‘నత్తగుహ’ మాత్రం లొంగలేదు. పక్కవీధిలో టోఫు అమ్మే తమూరా గారనే ఆవిడ బడిలో చదివేటప్పుడు సొంతంగా రాసిన ఆట అది. లోకంలో ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే, దానికీ బూజు పట్టింది. ఇంకోసారి తిప్పితే తెగేలా ఉంది.

ఒక్కసారి తిప్పి కంప్యూటరులోకి ఎక్కించిన చప్పుడు చివర, చిన్నప్పటి తమూరా గారు “అయిపోయింది” అన్న మాట విని భార్య సవాకో ఫక్కున నవ్వింది. “ఏమండీ, తమూరా గారిది అప్పట్లో పిచుక గొంతా?”

కురమోచి గారు నాలుక కరుచుకున్నారు. రికార్డరు మొన్ననే టోక్యో నుంచి తెప్పించింది. అక్కడి కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగితే, ఇక్కడ ఒసాకాలో అరవైసార్లు ఊగుతుంది; అక్కడికని చేసిన మోటారు ఇక్కడ పరుగు తీసి, గొంతును కీచుగా మారుస్తుంది. “ముప్పయ్యేళ్లు కరెంటాఫీసులో చేసి, నాకు తట్టలేదే!”

టేపు ముట్టకుండా, కంప్యూటరులోకి ఎక్కిన చప్పుడునే ఆరో వంతు నెమ్మది చేశారు. తెరమీద పచ్చటి నత్త కొమ్ములాడించింది. ఆయన లేచి చప్పట్లు కొట్టి, తమూరా గారికి ఫోను చేశారు.

“కదిలిందా! నిజంగా? అయితే మూడో గుహలో ఎడమపక్క...”

“అమ్మా, మీకు పుణ్యముంటుంది, దారి మాత్రం చెప్పకండి. నన్ను హాయిగా ఓడిపోనివ్వండి.”