ఏడు యాభైకి వేసిన ఊళ

దెయ్యాలనీ భూతాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనుకునే రకం. ఈ ఒక్కదానికే దొరకలేదు.

అప్పట్లో నార్త్ కరోలినాలో, ర్యాలీలో ఉద్యోగం. శని, ఆదివారాలు ఊరి బయట ఎర్ర తోడేళ్లను పెంచే కేంద్రానికి వాలంటీర్‌గా వెళ్లేవాణ్ణి. అడవిలో దాదాపు కనుమరుగైన జాతి అది. కేంద్రంలో పుట్టిన పిల్లల్ని కళ్లు తెరవకముందే తీసుకెళ్లి, సముద్రతీరపు అడవిలో మరో తల్లి బొరియలో కలుపుతారు. వాసన తేడా తెలియకుండా అక్కడి పిల్లల ఉచ్చ వీటి ఒంటికి పూస్తారు. ఆ తల్లి ఒప్పుకుంటేనే బతుకుతాయి.

ఆ మే నెలలో మా తోడేలు ఐదు పిల్లల్ని పెట్టింది. రెండింటిని తీసుకెళ్లారు. అప్పట్నుంచి అది తిండి ముట్టలేదు. పాలు ఎండిపోతే మిగతా మూడూ దక్కవు. నాకూ ముద్ద దిగేది కాదు.

"మన పాప అన్నం మానేసినా ఇంత బెంగపడరు మీరు," అంది మా ఆవిడ. నిజమే.

నాలుగో రోజు ఆఫీస్‌కి సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లాను. చాటుగా కూర్చుని అది చేసే ప్రతి పనీ టైంతో సహా రాయాలి. పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఉన్నట్టుండి లేచి, తూర్పుకి తిరిగి, ఒక్క ఊళ వేసింది. తర్వాత నేరుగా వెళ్లి మాంసమంతా తినేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. టైం రాసి, కాగితం సూపర్‌వైజర్ బల్లమీద పెట్టాను.

సాయంత్రం సూపర్‌వైజర్ అది చదివి నవ్వింది.

"రాత్రి ఏడు యాభైకా? ఇంకా ఐదే కదా అయింది."

ఇండియాలోని మా ఆఫీస్ టీంతో కాల్స్ కోసం నా వాచీని అక్కడి టైంలో ఉంచుకునేవాణ్ణి. సంతోషంలో అదే రాసేశాను. దిద్దుదామని పెన్ను తీసేలోపు తీరం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి తల్లి బొరియ మారుతూ, తన పిల్లలతోపాటు మా రెండింటినీ నోట కరుచుకుని తీసుకెళ్లిందట. దాని మెడలోని రేడియో కాలర్ సిగ్నల్ వెంట వెళ్లినవాళ్లు కళ్లారా చూశారట. పొద్దున పది ఇరవైకి.

ఇండియాకీ ఇక్కడికీ తేడా ఎంతని ఆవిడ అడిగింది. తొమ్మిదిన్నర గంటలన్నాను. వేళ్లమీద లెక్కపెట్టుకుంది. సరిగ్గా పది ఇరవై.

"దిద్దకు. అలాగే ఉండనీ," అంది.

తీరం అక్కణ్నుంచి తూర్పుగా మూడు గంటల డ్రైవ్. ఏ కూతా అంతదూరం వినపడదు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "మిగతా మూడూ పాలు తాగుతున్నాయా?" అని అడిగింది.

తాగుతున్నాయి. మూడూ బతికాయి. మా తోడేలుకి ఎలా తెలిసిందో మాత్రం నేనిప్పటికీ చెప్పలేను.